ముల్లు, చీము, చంకలో బిళ్ల

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకి ఎనిమిదేళ్లు. వేలికి ముల్లు గుచ్చుకుంటే మర్నాటికి ఎర్రగా వాచింది, ఒకటే సలపరం. మూడో రోజుకి చీము పట్టి, చంకలో బిళ్ల కట్టి, జ్వరం కూడా వచ్చింది. డాక్టరు చీము తీసి మందులిచ్చారు, తగ్గింది. పది రోజులైనా బిళ్ల మాత్రం చేతికి తగులుతూనే ఉంది. చిన్న ముల్లుకే ఇంత అయిందంటే వాడికి ఇమ్యూనిటీ తక్కువా? పెంచే సిరప్ ఏదైనా వాడాలా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, చీము పట్టిందంటే మీవాడి రోగనిరోధక శక్తి పనిచేసిందనే అర్థం. కొన్ని కేన్సర్ మందులు వాడేటప్పుడు తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అలాంటివాళ్లకి పుండులో ఇన్ఫెక్షన్ ఉన్నా చీము సరిగా పట్టదు, వాపూ పెద్దగా కనపడదు. పైకి ఏమీ లేనట్టుండే ఆ పుండంటేనే నాకు భయం.

చదువుకునే రోజుల్లో మొదటిసారి చీము చుక్కని గాజు పలక మీద పూసి, రంగులు వేసి, మైక్రోస్కోప్ కింద చూశాను. అప్పటిదాకా చీమంటే ఉత్త కుళ్లు అనుకునేదాన్ని. చూస్తే అంతా కణాలే! న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. కొన్నిటి లోపల ఊదారంగు చుక్కలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అవి ఆ కణాలు మింగిన బాక్టీరియా. వాటిని చంపి తామూ చచ్చిపోయిన కణాలే చీములో ఎక్కువ. ఎముకల్లోని మూలుగ ఇలాంటివాటిని రోజుకి వేల కోట్లలో తయారుచేస్తుంది. వేలు ఎర్రబడి వాచింది కూడా వీటికి దారి ఇవ్వడానికే. అక్కడి సన్నటి రక్తనాళాలు వెడల్పయి, గోడలు కాస్త వదులై, కణాల్ని బయటికి వదులుతాయి.

ఈ సంగతి మొదట తెలిసింది కూడా ముల్లు వల్లే. 1882లో మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త, అద్దంలా లోపలంతా కనిపించే నక్షత్రచేప పిల్లల్లో గులాబీ ముల్లు గుచ్చాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక బిళ్ల. వేలి దగ్గర దొరికిన సూక్ష్మజీవుల ముక్కలు చంకలోని లింఫ్ గ్రంథికి చేరతాయి. వాటిని గుర్తుపట్టగల లింఫోసైట్లు (ఇవీ ఒకరకం తెల్ల రక్తకణాలే) అక్కడ వందలు వేలుగా పెరుగుతాయి. యాంటీబాడీలు తయారయ్యేదీ వీటి వల్లే. అంత పని జరిగిన గ్రంథి మామూలు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. రోజూ నొక్కి చూడకండి. నెల దాటినా తగ్గకపోయినా, ఈలోపు పెరుగుతున్నా, రాయిలా గట్టిగా తగిలినా తీసుకెళ్లి చూపించండి.

సిరప్ అవసరం లేదు. రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదనుకోవడం పొరపాటు. అది సొంత కీళ్ల మీదికే తిరగబడితే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అవుతుంది.

మీరు అడగని మాట ఒకటి చెప్తాను. ముల్లుతో ధనుర్వాతం రావచ్చు. ఆ జబ్బు వచ్చి తగ్గినా శరీరానికి రక్షణ ఏర్పడదు, ఎందుకంటే ఆ జబ్బు సూక్ష్మజీవి వదిలే విషం మనిషి ప్రాణం తీసేంత ఉన్నా, అది లింఫోసైట్లని లేపడానికి చాలనంత తక్కువ మోతాదు. ఆ రక్షణ టీకాతోనే వస్తుంది. ఈరోజే బాబు టీకాల కార్డు తీసి, వయసు ప్రకారం పడాల్సిన డోసులన్నీ పడ్డాయో లేదో చూడండి.