కొత్త గినీ పిగ్ చెయ్యి పెట్టగానే దాక్కుంటోంది, ఎలా మచ్చిక చేయాలి?

వేటాడే జంతువులకు ఆహారమయ్యే జాతి కాబట్టి, పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దలా తోస్తుంది. కదలకుండా బిగుసుకుపోతే కుదుటపడిందనుకోకండి, అదీ భయమే. పళ్ళు టకటకలాడిస్తే వెంటనే వదిలేయండి.

మొదటి 2-3 రోజులు ముట్టుకోవద్దు. బోనులో రెండు వైపులా దారి ఉన్న అట్టపెట్టె పెట్టండి. ఒకే దారి ఉంటే తప్పించుకోలేనని మరింత బెదురుతుంది. తర్వాత పక్కనే కూర్చుని, చెయ్యి కిందే ఆనించి కొత్తిమీర రెమ్మ అందించండి. అది తానుగా వచ్చి తినేదాకా ఎత్తొద్దు, పాపం. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, మరొకటి వెనక కాళ్ళ కింద ఉండాలి. ఒళ్ళో తువ్వాలు మీద 5-10 నిమిషాలు చాలు. ఒంటరిదైతే బెరుకు త్వరగా పోదు, జంటగా పెంచడమే మేలు.

12 గంటలుగా మేత ముట్టకపోతే మాత్రం బెరుకే అనుకుని ఆగకండి, పశువైద్యుడికి చూపించండి.