బేల్దారోళ్లకి టీ, మజ్జిగ, స్లాబ్ రోజు బిర్యానీ: మీరడిగిన ప్రశ్నలు

పోయిన నెల ఇంటి లోన్ల గురించి రాస్తే, లోన్ సంగతి పక్కన పెట్టేసి మీలో సగం మంది, ఇల్లు కట్టే బేల్దారి పనోళ్లకి టీ ఇవ్వాలా వద్దా అని అడిగారు. సరే, ఈసారి మొత్తం అదే.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. కింద మేముంటాం, పైన ఇంకో ఫ్లోర్ వేస్తాండాం. లేబర్ పని చదరపడుగు లెక్కన గుత్తకిచ్చేసినాం. రోజూ ముగ్గురు మేస్త్రీలు, ముగ్గురు కూలోళ్లు వస్తారు. నేను పదకొండుకి టీ పెట్టి పంపిస్తాంటే మా ఆయన "రేటు మాట్లాడినప్పుడే అన్నీ కలిపి మాట్లాడినాం, నువ్వు అలవాటు చేస్తే రేపు టిఫిన్ అడుగుతారు" అంటాడు. పక్కింటోళ్లేమో వాళ్లిల్లు కట్టేటప్పుడు మూడుసార్లు ఇచ్చినారంట. ఎంతవరకు ఇస్తే పద్ధతిగా ఉంటుంది?

జవాబు: మీ ఆయన చెప్పింది సగం కరెక్టే. టీ ఎవరిది అనేది మొదటి రోజే మేస్త్రీతో తేల్చుకోవాల్సిన మాట. రోజు కూలీ మీద పని చేయిస్తే టీ ఇంటోళ్లదే అనుకుంటారు, గుత్తకిస్తే మేస్త్రీయే టీ అంగడి నుంచి ఫ్లాస్కులో తెప్పించుకుంటాడు, కానీ మీలాగా అదే ఇంట్లో కింద కాపురం ఉంటూ పైన పని చేయిస్తే గుత్త అయినా సరే ఒక టీ ఇంట్లో నుంచి వస్తుందని అందరూ అనుకుంటారు, మీ కిచెన్‌లో పోపు వాసన వాళ్లకి రాకుండా పోతుందా చెప్పండి. కాబట్టి పొద్దున టీ మీది, సాయంత్రం నాలుగు గంటల టీ వాళ్లది అని మేస్త్రీకి చెప్పేయండి. ఆరుగురికి చిన్న గ్లాసులు కాబట్టి అర లీటరు పాలు సరిపోతాయి. అంగట్లో తెప్పించినా గ్లాసు పది రూపాయలు, రోజుకి అరవై. లక్షల పనిలో ఆ అరవై దగ్గర ఆగిపోయి మీరిద్దరూ మాట్లాడుకోకుండా ఉండటం నాకైతే బాలేదు. పక్కింటోళ్ల మూడుసార్ల లెక్క వాళ్లిష్టం, మీరు పోటీ పెట్టుకోవద్దు.

కానీ మీ ఉత్తరం మొత్తంలో నీళ్ల మాటే లేదు, నాకు అదే గుచ్చుకుంది. టీ మర్యాద, ఇస్తారో మానేస్తారో మీ ఇష్టం. నీళ్లు అట్లా కాదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో తెచ్చిన చట్టంలో కూడా పనిచేసే చోట మంచినీళ్లు పెట్టాలని, అవి మరుగుదొడ్డికి, కడుగుళ్లు చేసే చోటుకి 6 మీటర్ల లోపల ఉండకూడదని రాశారు. అప్పట్లో 10 లక్షల లోపల సొంతిల్లు కట్టుకునేవాళ్లని ఆ చట్టం నుంచి వదిలేశారు గానీ అనంతపురం ఎండ ఎవరినీ వదలదు కదా.

ఎండలో బరువు పని చేసే మనిషి పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి, గంటకి ముప్పావు లీటరు అనుకోండి, ఎనిమిది గంటలకి మనిషికి 6 లీటర్లు. మీ ఆరుగురికి 36. అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు రోజూ రావాలి, ఒకటి తెచ్చి పొదుపు చేసినామనుకుంటే మధ్యాహ్నానికే ఖాళీ. అప్పుడేం చేస్తారు, క్యూరింగ్ డ్రమ్ములో (కట్టిన గోడలు తడపడానికి పెట్టుకున్న నీళ్లు) ముంచుకుని తాగుతారు. అది బోరు నీళ్లు, మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాలా. క్యాన్లు కింద గేటు దగ్గర కాదు, పైన పని జరిగేచోట నీడలో పెట్టించండి, దూరమైతే దిగి రావడానికి బద్ధకించి తాగరు. మట్టి కుండ ఉంటే ఇంకా మంచిది, తడి గోనెపట్ట చుట్టండి.

ఏప్రిల్, మే నెలల్లో టీ బదులు మజ్జిగ ఇచ్చినా ఎవరూ ఏమనుకోరు. ఉప్పు మాత్రం రవ్వంత గట్టిగానే వేయండి, చెమటలో పోయేది అదే. ఎవరైనా బాగా నీరసపడితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా కొలిచి కలిపి తాగించండి. అదే మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ, ఇంగ నోట్లో ఏమీ పోయొద్దు, నీడకి తెచ్చి ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ 108కి ఫోన్ చేయండి. పన్నెండు నుంచి మూడు దాకా పైన పని ఆపి పొద్దున్నే ఆరుకి మొదలుపెట్టుకోమనండి, చాలా మంది మేస్త్రీలు దానికి ఒప్పుకుంటారు, చుట్టుపక్కలోళ్లు మిక్సర్ సౌండ్‌కి తిట్టుకుంటారేమో అంతే.

ఇంకొక్క మాట. టీ ఇస్తాండాం కదా అని శనివారం లెక్క లేట్ చేసేవాళ్లున్నారు, "నిన్న ఉగ్గాణి పెట్టినా కదప్పా, సోమవారం ఇస్తాలే" అని. పెట్టింది మొత్తం ఆ ఒక్క మాటతో పోతుంది. కూలీ కూలీనే.

ప్రశ్న: మాది కర్నూలు. వచ్చే వారం స్లాబ్. మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషన్) గ్యాంగ్ ఇరవై మంది పైనే వస్తారంట. మేస్త్రీ "చికెన్ బిర్యానీ పెట్టండి, లేకుంటే ఆ డబ్బులిచ్చేయండి" అంటున్నాడు. మా అమ్మేమో పులిహోర, పెరుగన్నం చేస్తానంటోంది. ఏది చేయాలి మేడం?

జవాబు: బిర్యానీయే పెట్టండి, డబ్బులు ఇవ్వొద్దు. డబ్బులిస్తే అది మేస్త్రీ దగ్గర ఆగినా ఆగుతుంది, తట్ట మోసిన మనిషి దాకా వస్తుందని గ్యారంటీ లేదు, పొట్లం అయితే ఎవరిది వాళ్ల చేతికే వస్తుంది. మేస్త్రీలందరూ అట్లాంటోళ్లని కాదు, కానీ గ్యాంగ్ ఆయనది కాదు, ఆ రోజుకి పిలిపించినోళ్లు, రేపు ఇంకో స్లాబ్‌కి పోతారు.

ముఖ్యంగా టైమింగ్ చూసుకోండి. పొద్దున్నే టెంకాయ కొట్టి మిల్లర్ ఆన్ చేశారంటే ఇంక పని మధ్యలో ఆగకూడదు. సిమెంటు నీళ్లు తగిలిన అరగంట దాటితే గట్టిపడటం మొదలుపెట్టొచ్చు, అందరూ కలిసి భోజనానికి దిగిపోయి గంట తర్వాత వచ్చి పోస్తే పాత మాలుకి (ముందు పోసిన కాంక్రీటుకి) కొత్త మాలు సరిగ్గా అతుక్కోదు, కోల్డ్ జాయింట్ అంటారు, తర్వాత వానాకాలం సరిగ్గా ఆ గీత వెంబడే నీళ్లు కారతాయి. అందుకే పని మొదలయ్యే ముందే కడుపునిండా టిఫిన్ పెట్టేయండి, కర్నూల్లో ఉండి ఉగ్గాణి బజ్జీ కాకుండా ఇంకేం ఆలోచిస్తారు. మధ్యలో మీ ఇంటి పిల్లోళ్లిద్దరిని పెట్టి మజ్జిగ, నన్నారి షర్బత్, బెల్లం పానకం పైకి కిందికి తిప్పుతూ ఉండండి, ఎక్కడివాళ్లు అక్కడే నిలబడి తాగుతారు. కిందుండి కంకర, ఇసుక వేసేవాళ్లని మర్చిపోతారు చాలా మంది, అందరి కళ్లూ పైన స్లాబ్ మీదే ఉంటాయి కాబట్టి. మధ్యాహ్నం దాటేట్టుంటే నలుగురు నలుగురిగా దిగి తినేలా మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి.

బిర్యానీ పొద్దున పదికే తెచ్చి డబ్బాల్లో పెట్టొద్దు, మన ఎండకి పాడైపోతుంది. పని అయిపోయే టైముకి వేడిగా వచ్చేలా చెప్పండి. గ్యాంగ్‌లో ముస్లింలుంటే హలాల్ హోటల్ నుంచే తెప్పించండి, మాల వేసుకున్నవాళ్లు, శనివారం నీసు ముట్టనివాళ్లు ఎంతమందో ముందురోజే కనుక్కోండి. మీ అమ్మగారి పులిహోర వాళ్లకి పనికొస్తుంది, అది సాయంత్రం దాకా చెడిపోదు కూడా. పెరుగన్నం మాత్రం తినే టైముకి కలపమనండి.

ప్రశ్న: కడప నుంచి రాస్తాండా. మా అత్త పనోళ్లకి టీ బాగానే ఇస్తాది, కానీ వాళ్ల గ్లాసులు వేరేగా బయట గోడ మీద పెట్టింది. తాగినాక వాళ్లే కడిగి పెట్టాలంట. మొన్న మేస్త్రీ "మాకొద్దులేమ్మా, ఇప్పుడే తాగొచ్చినాం" అన్నాడు. నాకు తలకాయ కొట్టేసినట్టయింది. పెద్దామెతో ఎట్ల చెప్పాల?

జవాబు: ఆయన తాగొచ్చి ఉండడమ్మా, మీకూ తెలుసు. టీ అంగళ్లలో రెండు గ్లాసుల పద్ధతి అని మన పెద్దోళ్లు చూసిందే ఇప్పుడు మీ ప్రహరీ గోడ మీదికొచ్చింది. రాజ్యాంగం 17వ ఆర్టికల్ అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దానికి శిక్షలు పెడుతూ చట్టం కూడా తెచ్చారు. అయితే అత్త దగ్గర ఆర్టికల్ నంబర్ చెప్తే పని జరగదు, ఇంట్లో గొడవ మాత్రం జరుగుతుంది.

ఇట్లా చేసి చూడండి. ఒకే రకం స్టీలు గ్లాసులు డజను కొనండి, పని అయ్యేదాకా ఇంట్లో అందరూ వాటిల్లోనే తాగండి. టీ మీరే పోసి మీరే పైకి తీసుకుపోండి, మీ ఆయన్ని వాళ్ల పక్కన నిలబడి అదే ట్రేలో నుంచి ఒక గ్లాసు తీసుకోమనండి. ఖాళీ గ్లాసులు మీరే తెచ్చి సింకులో వేయండి. సిమెంటు దుమ్ములో మంచి గ్లాసులు పాడవుతాయి అంటుంది చూడండి అత్త, పైకి గ్లాసులు వేరే ఉన్నా తప్పు లేదు, వాటిల్లో మీరూ తాగుతున్నంత వరకు. పేపర్ కప్పులు తెచ్చి సమస్య తీరిపోయిందనుకోవద్దు, ఇంట్లోవాళ్లకి స్టీలు గ్లాసు, వాళ్లకి పేపర్ కప్పు అయితే మళ్లీ అదే కథ. వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులంటారా, 2022 జూలై 1 నుంచి వాటిని బ్యాన్ చేశారు.

పెద్దామె రెండ్రోజులు ముభావంగా ఉంటుంది. ఉండనీండి.

ప్రశ్న: ప్రొద్దుటూరు. రిటైర్డ్ ఉద్యోగిని. టీ ఇస్తే అరగంట కూర్చుంటున్నారు. నేను కూడా పక్కన కుర్చీ వేసుకుని ఎలక్షన్ల సంగతులు మాట్లాడుతుంటాను కాబట్టి గమనిస్తున్నాను. పని సాగడం లేదు. టీ మానేయాలా?

జవాబు: సార్, కుర్చీ తీసేయండి. టీ అట్లనే ఉండనీయండి. మాలు కలిపిన వెంటనే టీ పంపొద్దు, కలిపిన మాలు అయిపోయినప్పుడు పంపండి, పది నిమిషాల్లో లేస్తారు.

ప్రశ్న: ఆదోని నుంచి. మా ఇంటి పనికి ఇద్దరు ఆడమనుషులు ఇటుకలు మోసేదానికి వస్తారు. మగోళ్లు రెండు గ్లాసులు మజ్జిగ తాగితే వీళ్లు సగం గ్లాసు తాగి పక్కన పెడతారు, నీళ్లూ తాగరు. మొహమాటమా? ఎంత బలవంతం చేసినా తాగరు.

జవాబు: మొహమాటం కాదు తల్లీ. వాళ్లకి పోవడానికి చోటు ఎక్కడుందో చూశారా? మగవాళ్లు ఏ గోడ పక్కకో పోతారు. వీళ్లు పొద్దున ఎనిమిదికి ఇంట్లో నుంచి వస్తే సాయంత్రం ఆరు దాకా బిగబట్టుకోవాలి, అందుకని తాగడమే మానేస్తారు, అదే రోజూ జరిగితే మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు. మీరు చల్లటి మజ్జిగ ఇచ్చినా, రోజ్‌మిల్క్ ఇచ్చినా ఆ గ్లాసు సగంలోనే ఆగుతుంది.

మీ బయట బాత్రూం తాళం తీసి, బకెట్, మగ్గు, సబ్బు పెట్టి వాళ్లిద్దరినీ పిలిచి చూపించండి. మగవాళ్ల ముందు కాదు, పక్కకి పిలిచి చెప్పండి. అడిగితే ఇస్తాంలే అనుకోవద్దు, అడగరు. బయట బాత్రూం లేకుంటే పని మొదలుపెట్టినప్పుడే ఒక మూల గుంత తీసి రేకులు కొట్టించి తలుపు పెట్టించాల్సింది, ఇప్పుడైనా చేయొచ్చు, సెంట్రింగ్ రేకులు (స్లాబ్ పోసేటప్పుడు కింద అచ్చుగా పెట్టేవి) సైట్లోనే ఉంటాయి. ఒక వారం చూడండి, మజ్జిగ చెంబు త్వరగా ఖాళీ అవుతుంది.

ఇంకోటి, టీ ట్రే ఎవరి చేతికిస్తున్నారో చూసుకోండి. సామాన్యంగా ఆ ఇద్దరి చేతికే ఇచ్చి "అందరికీ ఇయ్యి" అంటాం. అందరికీ ఇచ్చి వాళ్లు కూర్చునేసరికి మేస్త్రీ లేస్తాడు, వాళ్ల టీ చల్లగా అయిపోతుంది.

ప్రశ్న: కడప. మా బేల్దారి మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు రంజాన్ నెలంతా ఒక్కపొద్దు ఉంటారు. మిగతా వాళ్లకి వాళ్ల ముందే టీ ఇవ్వడం ఇబ్బందిగా ఉంది.

జవాబు: ఇవ్వండి, వాళ్లకేం ఇబ్బంది ఉండదు, అది వాళ్లకి అలవాటే. "ఒక్క గుటక తాగితే ఏమవుతుందిలే" అని మాత్రం అనొద్దు. బరువు పనులు పొద్దున పూట పెట్టుకుని సాయంత్రం తొందరగా పోతామంటే పంపించండి, ఇఫ్తార్ టైముకి ఇంట్లో ఉండాలని ఎవరికైనా ఉంటుంది. పోయేటప్పుడు ఖర్జూరాలు, పండ్లు చేతిలో పెడితే చాలు.

ప్రశ్న: గుంతకల్లు. స్లాబ్ రోజు మందు పోయించకపోతే పని బాగా చేయరంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదు. మందు తాగి సెంట్రింగ్ మీద నడిచే మనిషి కాలు జారితే ఆ ఇంట్లో మీరు ఉండగలరా? అడిగితే "సైట్ మీద లేదప్పా" అని ముందురోజే చెప్పండి, స్లాబ్ రోజు పొద్దున చెప్తే గొడవవుతుంది. పని అయిపోయి, మిల్లర్ కడిగి, అందరూ కిందికి దిగి, ఎవరి కూలీ వాళ్లకి ముట్టినాక మనిషికింత అని ఖుషీగా పైన ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, దాంతో వాళ్లేం కొనుక్కుంటారో వాళ్లిష్టం.