వీధివాళ్లం కలిసి ప్రోగ్రెసివ్ గ్రూపు పెట్టాలనుకుంటున్నాం, వీసా మీద ఉన్నవాళ్లు రావచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

రావచ్చు. నేను అలాంటి గ్రూపుకి వెళ్లేనాటికి హెచ్1బీ ఉద్యోగ వీసా మీదే ఉన్నాను. మా ఆవిడ హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని పర్మిట్) మీద ఉద్యోగం చేసేది. ఊరు న్యూజెర్సీలోని పార్సిప్పనీ, సంవత్సరం 2017.

ఆ ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను బార్‌లో కాల్చి చంపారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. తర్వాత ఎదురింటావిడ, రిటైరైన నర్సు, తలుపు కొట్టి ఎలా ఉన్నారని అడిగింది. ఆదివారం మా ఇంట్లో పదిమందిమి కూర్చుంటున్నాం, రమ్మంది. బావగారికి ఫోన్ చేస్తే "వీసా మీద ఉన్నవాళ్లం, మనకెందుకొచ్చిన గొడవయ్యా" అన్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. పులిహోర చేయించుకుని వెళ్లాను.

మొదటి మీటింగు దండగ. రెండు గంటలసేపు తలా ఒకరు ట్రంప్‌ను తిట్టడమే. చివర్లో ఆ నర్సమ్మ "మన కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) సభ్యుడెవరు, ఆయన ఆఫీసెక్కడ?" అని అడిగితే రెండు చేతులు లేచాయి. మీరు అక్కణ్నుంచే మొదలుపెట్టండి. ఆవిడ బల్ల మీద 'ఇండివిజిబుల్' గైడు ప్రింటవుట్ ఉంది. 2016 డిసెంబర్‌లో కాంగ్రెస్ ఆఫీసుల్లో పనిచేసి వచ్చినవాళ్లు రాసి గూగుల్ డాక్‌గా పెట్టారు. 2009లో టీ పార్టీ అనే కన్జర్వేటివ్ ఉద్యమం వాళ్లు ఒబామా మీద వాడిన పద్ధతే, ఇటు తిప్పారు: దేశమంతా మనకొద్దు, మన ప్రతినిధి ఒక్కడినే పట్టుకోవాలి.

మా ప్రతినిధి రిపబ్లికన్ పార్టీ రాడ్నీ ఫ్రీలింగ్‌హైజెన్, 1995 నుంచీ ఆయనే. శుక్రవారం వచ్చిందంటే మోరిస్‌టౌన్‌లో ఆయన ఆఫీసు దగ్గరికి జనం వెళ్లేవారు. మా వీధి నుంచి వంతులవారీగా ఇద్దరు. నేను ఫోన్ల బ్యాచ్. మొదటిసారి అవతల "హలో" వినగానే కట్ చేసేశాను. రెండోసారి కాగితం మీద రాసుకుని చదివాను. పేరు, ఊరు, జిప్ కోడ్, ఫలానా బిల్లు వద్దు. నిమిషం కూడా పట్టలేదు. నువ్వు సిటిజనువేనా అని నన్నెవరూ అడగలేదు.

ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం) రద్దు బిల్లుకు మార్చిలో వ్యతిరేకమన్న ఆయన మే 4న అనుకూలంగా ఓటేశారు. సభలో 217-213తో నెగ్గింది. ఆ దెబ్బకి ముగ్గురు రావడం మానేశారు. జులై 28న సెనేట్‌లో 49-51తో అది పడిపోయింది. 2018 జనవరిలో ఆయన ఇక పోటీ చేయనన్నారు, నవంబర్‌లో ఆ సీటు డెమోక్రాట్ మైకీ షెరిల్ గెలిచింది. మా పదిమంది వల్లే అయిందని కోతలు కోయను.

నాకు గుర్తుండిపోయింది వేరు. హెచ్4 పర్మిట్లు తీసేస్తారన్న వార్త వచ్చినప్పుడు నేను నోరు విప్పలేదు. నర్సమ్మే "హెచ్4 అంటే ఏమిటి?" అని అడిగింది. వంటింట్లో నిలబడి చెప్పాను. గ్రీన్ కార్డు క్యూ సంగతి విని నమ్మలేదు, రెండుసార్లు అడిగింది. ఆ వారం ఆరుగురు తెల్లవాళ్లు మా ఆవిడ ఉద్యోగం గురించి ఫోన్లు చేశారు. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డులు వందొచ్చాయి, ఫోన్ చేసింది ఇద్దరు. (ఆ రూలు చివరికి రానేలేదు, 2021 జనవరిలో ఉపసంహరించుకున్నారు.)

ఇక జాగ్రత్తలు. సిటిజన్ కానివాళ్లు ఓటరుగా నమోదు కాకూడదు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఓటరు నమోదు గడికి పొరపాటున టిక్ పెట్టినా తర్వాత ఇమిగ్రేషన్‌లో తల బొప్పి కడుతుంది. వీసా మీద ఉన్నవాళ్లు అభ్యర్థికి డాలరు కూడా ఇవ్వకూడదు, ప్రచారం డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లోనూ వేలు పెట్టకూడదు. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వచ్చు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయడానికి అడ్డు లేదు. ఫెడరల్ ఎన్నికల కోసం గ్రూపు వసూళ్లో ఖర్చో ఏడాదికి 1,000 డాలర్లు దాటేలా ఉంటే ఎన్నికల కమిషన్ దగ్గర రిజిస్ట్రేషన్ గొడవ వస్తుంది, లాయరును అడగండి. మేం అట్టముక్కలకీ మార్కర్లకీ మించి ఖర్చు పెట్టలేదు.

మీటింగు గంటన్నర దాటనివ్వకండి. ఫోన్లు అక్కడే కూర్చుని చేయించండి. ఇంటికెళ్లి చేస్తామన్నవాళ్లు చేయరు, నేనే చేయలేదు.