వెంటిలేటర్ తీశాక అమ్మ నన్నే గుర్తుపట్టడం లేదు, పిచ్చి పట్టిందా? ఏం చేయాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మను ఐదు రోజులు మత్తులో ఉంచి వెంటిలేటర్ తీసేశారు. కళ్లు తెరిచింది కానీ మిమ్మల్ని చూసి "ఎవలు నువ్వు" అంటోంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయని, సిస్టర్లు విషం ఎక్కిస్తున్నారని చెయ్యి లాక్కుంటోంది. ఇట్లనే ఉండిపోతుందా అని అడిగారు.

పిచ్చి కాదు. దీన్ని డెలీరియం అంటారు, అంటే ఒంట్లో జబ్బు వల్ల, మందుల వల్ల మెదడు కొన్నాళ్లు తికమకపడటం. మన దగ్గర చాలామంది డాక్టర్లు, సిస్టర్లు "ఐసీయూ సైకోసిస్" అని కూడా అంటారు. నేను డాక్టర్‌ను కాదు. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా బాపు మంచం పక్కన 13 రోజులు ఉన్న బిడ్డను. ఆ రోజుల్లో మాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవే రాస్తున్నాను.

బాపుకు అప్పుడు 68 ఏళ్లు. పరకాల దగ్గర మా ఊరు, పత్తి చేను. డిసెంబర్‌లో నిమోనియా ముదిరి ఊపిరి ఆడకపోతే తీసుకొచ్చాం. ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఏడో రోజు గొంతులో పైపు తీసేశారంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. సాయంత్రం నన్ను లోపలికి పంపారు. బాపు కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. కుడి చేతి వేళ్లు దుప్పటి మీద ఏదో పట్టుకుని, లాగి, ఎడమ వైపు వేస్తున్నాయి. మళ్లీ పట్టుకుని, లాగి, వేస్తున్నాయి. కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. పత్తి ఏరుతున్నాడు. నడుముకు కట్టుకున్న గుడ్డలో వేస్తున్నట్టే ఎడమ తొడ పక్కన వేస్తున్నాడు. "మబ్బు పట్టింది. వాన పడుతది. తడిస్తె ఎవడు కొంటడు?" అని బొంగురుపోయిన గొంతుతో అంటున్నాడు. నన్ను చూసి "అక్కా, నువ్వెప్పుడొస్తివి" అన్నాడు. మా మేనత్త పోయి తొమ్మిదేళ్లయింది.

నేను చేసిన మొదటి తప్పు అక్కడే జరిగింది. "వాన లేదు బాపు, పత్తి లేదు, నేను నీ బిడ్డను" అని గట్టిగా చెప్పాను. మళ్లీ మళ్లీ చెప్పాను. ఆయన నా చెయ్యి విసిరికొట్టి మంచం దిగబోయాడు. చేతికున్న సెలైన్ సూది ఊడి దుప్పటంతా రక్తం. నన్ను బయటికి పంపి ఆయన చేతులు మంచానికి కట్టారు.

మర్నాడు పెద్ద డాక్టర్ కూర్చోబెట్టి చెప్పాడు. బాపుకు మిడజోలమ్, ఫెంటానిల్ అనే మత్తుమందులు ఇచ్చారట. వయసు మీద పడ్డవాళ్లలో, లివర్, కిడ్నీలు మెల్లగా పనిచేసేవాళ్లలో ఆ మత్తు ఒంట్లోంచి అంత తొందరగా పోదు. అదొక్కటే కారణం కూడా కాదు. ఇన్ఫెక్షన్, జ్వరం, ఆక్సిజన్ తగ్గడం, రక్తంలో సోడియం అనే ఉప్పు తగ్గడం, నొప్పి, ఆరు రోజులుగా సరైన నిద్ర లేకపోవడం, పగలూ రాత్రీ ఒకే లైటు, అన్నీ కలిసి మెదడు మీద పడతాయి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో ఇది సగానికి పైగా మందికి వస్తుందని చెప్పినప్పుడు, నిజం చెప్తున్నాను, నాకు ఏడుపు ఆగలేదు. అప్పటిదాకా మా ఇంట్లోనే ఏదో జరిగిందనుకున్నాం. అమ్మ అయితే గాలి సోకిందని తాయెత్తుకు మనిషిని పంపింది.

డాక్టర్ నా ముందే ఒక పరీక్ష చేశాడు. బాపు చెయ్యి పట్టుకుని ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే చదువుతూ 'ఏ' వినిపించినప్పుడల్లా నొక్కమన్నాడు. బాపు ఏడో తరగతి చదివాడు, ఆ అక్షరం ఆయనకు బాగా తెలుసు. మొదటిసారి నొక్కాడు. తర్వాత రెండు అక్షరాలకే చూపు కిటికీ వైపు పోయింది, చెయ్యి వదులైంది. "చూశారా, తెలివి పోలేదు, మనసు ఒక్క చోట నిలబడటం లేదు" అన్నాడు డాక్టర్. ఆ మాటతో నాకు దారి దొరికింది. నిలబడలేని మనసుతో నేను వాదన పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి వాదించడం మానేశాను. అట్లాగని "అవును, పత్తి తడుస్తోంది" అని ఆయనతో పాటు పోలేదు కూడా. ఆయన మాటకు కాకుండా ఆయన భయానికి జవాబు చెప్పాను. మంచం పక్కన కూర్చుని, ఆయన కళ్లకు ఎదురుగా ముఖం పెట్టి, "గాబరా అయితుందా బాపు? నేనున్న. ఇది దవాఖాన, హన్మకొండ. నీకు నిమోనియా అయింది, తగ్గుతోంది. ఇయ్యాల బుధవారం, పొద్దుగూకింది. అన్న బయటనే ఉన్నడు" అని మెల్లగా, ఒక్కో ముక్క చెప్పాను. ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ అదే చెప్పాను. పరీక్ష పెట్టినట్టు "నేనెవర్ని చెప్పు, చెప్పు" అని మాత్రం అడగకండి. వచ్చిన ప్రతి చుట్టమూ అదే అడుగుతారు, పేరు తోచక ఆ మనిషి ముఖంలో కనిపించే సిగ్గు చూడలేం. మీ పేరు మీరే ముందు చెప్పండి.

వాన సంగతి పైపు తీసిన మూడో రోజు తెలిసింది. ఆయన తల మీదే ఏసీ గాలి వచ్చే జాలీ ఉంది. కళ్లు మూసుకుని వింటే అది అచ్చం రేకుల మీద వాన పడుతున్న చప్పుడే. "బాపు, ఆ చప్పుడు ఏసీది" అని వేలెత్తి చూపించాను. చాలాసేపు పైకి చూశాడు. మానిటర్ కూత గురించి కూడా అట్లనే చెప్పాను. వాళ్లు ఊరికే ఏవేవో చూస్తున్నారని అనుకోకండి. అక్కడ ఉన్నదాన్నే ఇంకోటిగా చూస్తారు చాలాసార్లు. మీ అమ్మకు పురుగులు కనిపించే గోడ మీద ఏముందో ఆమె తల ఎత్తున వంగి మీరూ ఒకసారి చూడండి. నీడ కావచ్చు, చుక్కల చుక్కల సీలింగ్ కావచ్చు.

ఇంకొకటి, అమ్మకు కళ్లద్దాలు ఉన్నాయా? బాపు కళ్లద్దాలు, పళ్ల సెట్టు అడ్మిషన్ రోజున ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి మాకు ఇచ్చేశారు. ఆ కవర్ వారం రోజులుగా మా అన్న బండి డిక్కీలో ఉంది. అద్దాలు లేకుండా ఆయనకు మనిషి ముఖం మసకే. మాస్కు, టోపీ పెట్టుకున్న సిస్టర్ దగ్గరికి వచ్చి సూది పట్టుకుంటే విషమే అనుకోడా మరి? అద్దాలు తుడిచి పెట్టిన పూట నన్ను చూసి "బిడ్డా, సన్నబడ్డవ్" అన్నాడు. చెవి మిషన్ ఉంటే అదీ ఇవ్వండి. పళ్ల సెట్టు మాత్రం డాక్టర్‌ను అడిగాకే.

నీళ్లూ అంతే. పైపు తీసిన కొత్తల్లో మింగడం సరిగ్గా రాదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అమ్మ తెచ్చిన భద్రకాళి అమ్మవారి కుంకుమ నేనే బాపు నుదుట పెట్టాను. తీర్థం మాత్రం నోట్లో పోయనివ్వలేదు. అమ్మ నొచ్చుకుంది, అయినా పోయనివ్వలేదు.

విజిటింగ్ టైం పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు ఉండేది. ఈ జబ్బు పొద్దుగూకాక ఎక్కువవుతుంది, అప్పుడే మనల్ని బయటికి పంపేస్తారు. నేను డాక్టర్‌ను బతిమాలి, చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, ఒక్కదాన్నే ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా కూర్చుంటానని ఒప్పించాను. నేనున్నంతసేపు చేతులు కట్టాల్సిన పని పడలేదు. మీరూ అడగండి. "నేను పట్టుకుని కూర్చుంటా, అప్పుడు కట్లు విప్పండి" అని మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. కట్టేస్తే భయం ఇంకా పెరుగుతుంది. దుప్పటి మీద ఆడే వేళ్లకు నేను ఆయన కండువా మడిచి ఇచ్చాను. పైపుల జోలికి పోకుండా దాన్నే ఏరుకుంటూ ఉండేవాడు.

మా చిన్నాయన మాత్రం "ఒక ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టండి సార్" అని రోజూ గొడవ. ఇది మనలో చాలామంది చేస్తాం, ఆ బాధ చూడలేక. మళ్లీ మత్తు ఇస్తే మళ్లీ మొదటికే వస్తుందని డాక్టర్ ఒప్పుకోలేదు. తర్వాత చదివాను, 2018లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో ఇట్లాంటి గాబరాకు వాడే హాలోపెరిడాల్ ఇచ్చినవాళ్లకూ మందు లేని ఉత్తి ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లకూ డెలీరియం తగ్గే రోజుల్లో తేడా రాలేదట. మనిషి తనకు తాను హాని చేసుకునే పరిస్థితి ఉంటే డాక్టర్లు ఇస్తారు, అది వాళ్ల నిర్ణయం. మన చికాకు తీరడానికి మాత్రం అడగకూడదు.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. బాపుకు రోజూ సాయంత్రం కల్లు అలవాటు. అడ్మిషన్ రోజు డాక్టర్ "తాగుతారా" అంటే అమ్మ సిగ్గుతో లేదంది. మన వైపు కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారన్న సంగతి మనందరికీ తెలిసిందే. రోజూ పడేది ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్లు వణకడం, లేనివి కనపడటం, ఫిట్స్ కూడా వస్తాయి. దానికి వైద్యం వేరు. మూడో రోజు నేనే డాక్టర్‌కు చెప్పాను. ఆయన కోప్పడలేదు, వెంటనే మందులు మార్చాడు. మీ అమ్మకు కల్లు, గుట్కా, రాత్రి నిద్ర మాత్ర, ఏ అలవాటున్నా ఇవాళే చెప్పండి.

ఐదో రోజు బాపు నెమ్మదించాడు. లేవడం లేదు, పత్తి లేదు, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూస్తున్నాడు. తగ్గిందని అందరం సంతోషపడ్డాం, అన్న స్వీట్లు కూడా తెచ్చాడు. రాత్రి డ్యూటీ సిస్టర్ ఒక్కామె "ఈ నిమ్మళం నాకు నచ్చట్లేదక్కా" అంది. చూస్తే పొద్దున యూరిన్ పైపు తీశాక బాపు మూత్రం పోయలేదు, పొట్ట కింద రాయిలా గట్టిగా ఉంది. నాలుగు రోజులుగా విరేచనం కూడా లేదు. నోరు తెరిచి చెప్పలేకపోయాడు. ఆ రెండూ చూశాక మర్నాటికి మనిషి తేరుకున్నాడు. డెలీరియం అరుపుల్లోనే కాదు, ఇట్లా మూగగా కూడా ఉంటుంది, దాన్నే ఎక్కువగా గమనించరు. అమ్మ ఒక్కసారిగా మెత్తబడితే సిస్టర్‌కు చెప్పండి. ఒక వైపు చెయ్యి కాలు పడిపోయినా, మూతి వంకర పోయినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా క్షణం ఆగకుండా పిలవండి, అవి వేరే జబ్బు కావచ్చు.

ఎన్ని రోజులు పడుతుందంటే, చాలామందికి కొన్ని రోజుల్లో, కొందరికి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. పూట పూటకూ మారుతుంది. పొద్దున మంచిగా మాట్లాడి రాత్రి మళ్లీ మొదలైతే కుంగిపోకండి. పూర్తిగా ఏమీ మిగలదని మాత్రం చెప్పలేను. ఎక్కువ రోజులు డెలీరియంలో ఉన్నవాళ్లకు మతిమరుపు, లెక్క తప్పడం నెలల తరబడి ఉండొచ్చు. ఇంటికొచ్చాక బాపు మూడు నెలలు బ్యాంకు సంతకాలు, పొలం బేరాలు పెట్టుకోకుండా చూశాం. రాత్రి చిన్న బల్బు వెలిగించి ఉంచాం. పగలు ఎంత నిద్ర వచ్చినా వరండాలో, వెలుతురులో కూర్చోబెట్టాం.

అన్నింటికన్నా పనికొచ్చింది నేను రాసిన నోట్‌బుక్. నిద్ర పట్టక రోజూ తేదీ వేసి నాలుగు ముక్కలు రాసేదాన్ని. పైపు తీశారు, చేతులు కట్టారు, ఎవరెవరు వచ్చారు అని. డెన్మార్క్, స్వీడన్, నార్వే ఐసీయూల్లో సిస్టర్లే రోగి కోసం ఇట్లాంటి డైరీ రాస్తారని ఆ తర్వాత తెలిసింది. బాపు ఇంటికొచ్చాక మా అన్నతో మాట్లాడేవాడు కాదు. "నన్ను పట్నపోళ్లకు అమ్ముకున్నడు, చేతులు కట్టి ఇచ్చిండు" అని నాతో గుసగుసగా అన్నాడు. అది ఆయనకు కల కాదు, జరిగిన సంగతి. అన్న గొడ్ల కొట్టం దగ్గర నిలబడి ఏడ్చాడు. సంక్రాంతి అయ్యాక ఒక మధ్యాహ్నం నోట్‌బుక్ ఇచ్చాను. వేలు పెట్టి వరుస వరుసా చదివాడు. చేతులు కట్టిన రోజు దగ్గర ఆగాడు. కట్టింది ఎందుకో, ఆ రాత్రంతా అన్న మెట్ల మీద కూర్చున్నది కూడా అక్కడే ఉంది. "మరి వాన పడలేదా?" అని అడిగాడు. "లేదు బాపు, డిసెంబర్‌ల వానెక్కడిది. పత్తి అన్ననే ఏరిపిచ్చి అమ్మిండు" అన్నాను. ఎంతకు పోయిందని అడిగాడు, అన్ననే పిలిచి అడగమన్నాను. పిలిచాడు.

చుట్టాల ముందు ఆ మాటలు చెప్పి నవ్వించనివ్వకండి. మా ఇంట్లో ఒకసారి జరిగింది, బాపు ఆ రోజంతా అన్నం తినలేదు.

మీరొక్కరే రాత్రీ పగలూ ఉండకండి, వంతులు వేసుకోండి. మీకే గుండె దడ, టెన్షన్ తట్టుకోలేనంత అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

రేపు పొద్దున లోపలికి వెళ్లేటప్పుడు అమ్మ కళ్లద్దాలు, ఆమెకు అలవాటైన ఒక పాత చీర ముక్క, పెద్ద అంకెల గడియారం తీసుకెళ్లండి. సోడియం ఎంతుంది, విరేచనం అయి ఎన్ని రోజులైంది, ఇంకా ఏ మత్తుమందు నడుస్తోంది, ఈ మూడూ డాక్టర్‌ను అడిగి ఇక్కడ రాయండి. సాయంత్రం చూస్తాను.