కళ్లు మూసుకుంటే గుండె దడ.. ధ్యానం నాకు పడదా?

ప్రశ్న: నా వయసు 44. ఆందోళన, నిద్రలేమికి ఏడాదిగా ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నాను. ధ్యానం చేస్తే మందులతో పనే ఉండదని తెలిసినవాళ్లు చెబితే మొదలుపెట్టాను. కళ్లు మూసుకోగానే ఆలోచనలు ముసురుకుంటున్నాయి. ఒక్కోసారి గుండె దడ. చిన్నప్పటి నుంచి జపం అలవాటుంది గానీ అది ధ్యానం కిందికి రాదంటున్నారు. ఏం చేయాలి? మందులు ఆపేయొచ్చా?

జవాబు: ముందు మందుల సంగతి. ఆపొద్దు, డోసు కూడా సొంతంగా తగ్గించుకోవద్దు. ఈ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, చిరాకు, తలలో షాక్ కొట్టినట్టు ఉండటం వంటివి రావచ్చు. జబ్బు తిరగబెట్టిందేమోనని హడలిపోయేవాళ్లూ ఉంటారు. ఆందోళన తగ్గించడంలో ధ్యానం ఈ మందుకు సాటి వచ్చిందని 2022లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడిన మాట నిజమే. కానీ అందులో ఇచ్చింది 8 వారాల శిక్షణ. వారం వారం రెండున్నర గంటల క్లాసు, రోజూ ఇంటి దగ్గర 45 నిమిషాల సాధన. పైగా వాడుతున్న మందును ఆపొచ్చా అన్నది ఆ పరిశోధన తేల్చలేదు.

ఇక జపం. దాన్ని ఎందుకు పక్కన పెట్టారు? 2001లో ఇటలీ పరిశోధకులు కొందరి చేత క్యాథలిక్ క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో చేయించారు, 'ఓం మణిపద్మే హుం' అనే బౌద్ధ మంత్రం కూడా జపింపజేశారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు నెమ్మదించింది. గుండె లయకు, బీపీకి మధ్య సమన్వయం మెరుగుపడింది. పాల్గొన్నది 23 మందే అయినా నాకు ఇష్టమైన అధ్యయనం ఇది. సూఫీల జిక్ర్, ఆర్థడాక్స్ క్రైస్తవుల యేసు ప్రార్థన కూడా ఒకే మాటను పదే పదే తలుచుకునే పద్ధతులే. బౌద్ధుల ఆనాపానసతిలో మాట బదులు శ్వాసను పట్టుకుంటారు. హార్వర్డ్ డాక్టర్ హెర్బర్ట్ బెన్సన్ 1970ల్లో ఇలాంటి పద్ధతులన్నీ చూసి, శరీరం విశ్రాంతిలోకి జారడానికి ముఖ్యంగా కావాల్సినవి రెండన్నారు. ఒక మాటనో శ్వాసనో పట్టుకోవడం, మనసు పక్కకు పోతే విసుక్కోకుండా మళ్లీ అక్కడికే రావడం. ఏ మతం పద్ధతి గొప్పదన్న చర్చ డాక్టర్‌గా నాకు అనవసరం. మీకు అలవాటున్నదే మీకు మంచిది.

ఆలోచనలు రావడం తప్పేమీ కాదు. ఎప్పుడో ఆలోచనలో పడిపోయారు, వేలు జపమాల పూస మీదే ఆగిపోయింది. అది గమనించి మళ్లీ పూస కదిపారు చూడండి, సాధన అంటే అదే. పది నిమిషాల్లో ముప్పై సార్లు అలా జరిగినా కంగారు పడకండి.

దడ విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త. ఆందోళన ఉన్న కొందరికి కళ్లు మూసుకుని లోపలికి చూసుకుంటే టెన్షన్ పెరుగుతుంది. జెన్ బౌద్ధ సాధకుల్లా కళ్లు సగం తెరిచి, చూపు నేల మీద ఉంచండి. లేదా నడుస్తూ జపించండి. కావాలని గట్టిగా, లోతుగా ఊపిరి పీల్చకండి, తల తిరుగుతుంది. ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈసీజీ ఈమధ్య చూపించుకోకపోతే ఒకసారి చేయించండి. పాత చేదు సంఘటనలు కళ్ల ముందు తిరుగుతున్నా, సాధన తర్వాత గంటల తరబడి దడ తగ్గకపోయినా సాధన ఆపి, మందు రాసిన డాక్టర్‌ను కలవండి.