రుస్తం పాషా మసీదు గురించి రాస్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

ఇస్తాంబుల్ నుంచి నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా కూర్చుని చదివాను. రుస్తం పాషా మసీదు నీ మనసులో గట్టిగా నాటుకుందని ప్రతి వాక్యం చెబుతోంది. అంతగా కదిలిపోగలగడం రాసేవాళ్లకి కావలసిన మొదటి గుణం, అది నీకుంది. కానీ అమ్మా, ఆ మసీదు నాకు కనబడలేదు. ‘కనువిందు’ ఉంది, ‘వర్ణనాతీతం’ ఉంది, ‘నీలి స్వప్నలోకం’ ఉంది. గోడ ఎలా ఉందో, దాని ముందు నువ్వు ఎక్కడ నిలబడ్డావో తెలియలేదు.

నీకు కలిగిన ఆనందాన్ని నాకు చెబితే అది నీ దగ్గరే ఉండిపోతుంది. అది దేన్ని చూస్తే పుట్టిందో దాన్ని తెచ్చి నా ముందు పెడితే నాలోనూ పుడుతుంది. ఇన్నేళ్లుగా నేను నమ్మి రాస్తున్నది ఇదొక్కటే. నువ్వింకా కొన్ని వారాలు అక్కడే ఉంటానన్నావు గనక, మళ్లీ వెళ్లి చూసి, వ్యాసాన్ని మొదటినుంచి రాయమని అడుగుతున్నాను.

వీధి నుంచి మొదలుపెట్టు. నువ్వు మమ్మల్ని నేరుగా గుమ్మటం కిందికి తీసుకెళ్లిపోయావు. ఆ మసీదు సంగతి సగం కిందే ఉంది. ఎమినోను దగ్గర, మసాలా బజారుని ఆనుకుని సాగే హసిర్జిలర్ వీధి ఎలా ఉంటుందో నీకు తెలుసు: కాఫీ పొడి వాసన, మసాలా బస్తాలు, సరుకు మోసే కూలీలు, అరుపులు. ఆ రద్దీలో నడిచేవాళ్లకి మసీదు తలమీదే ఉన్నా కనబడదు, ఎందుకంటే దాన్ని కమాను కప్పుల దుకాణాల వరస పైన కట్టారు. సన్నటి మెట్ల దారి పట్టుకుని పైకెక్కితే ఒక్కసారిగా ఆకాశం, మంటపం, పువ్వుల గోడ. ఆ మార్పు కంటికన్నా ముందు ఒంటికి తెలుస్తుంది. మెట్లమీద వెలుతురు ఎంత ఉంది? కింది చప్పుడు ఏ మెట్టు దాకా వినబడింది? ఏ వాసన పైదాకా వెంట వచ్చింది? ఇవి రాస్తే నీతోపాటు నేనూ మెట్లెక్కుతాను.

ఆ దుకాణాలు ఊరికే లేవు. వాటి అద్దెలతోనే పైన మసీదు నడవాలన్నది ఏర్పాటు. చోటు ఇరుకు, చుట్టూ వ్యాపారం. వాస్తుశిల్పి సినాన్ ఆ ఇబ్బందినే వసతిగా మార్చుకున్నాడు. మసీదుని పైకెత్తేసరికి కింద అద్దెలొచ్చే చోటు దొరికింది, పైన ప్రార్థనకి ప్రశాంతత దొరికింది, ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ గోల్డెన్ హార్న్ నీళ్ల మీంచి వచ్చేవాళ్లకి గుమ్మటం కనబడింది. ఇంత ఆలోచన ఇమిడి ఉన్న చోటుని నువ్వు ‘మెట్లెక్కి లోపలికి వెళ్లాను’ అని దాటేశావు. పువ్వుల గోడ కింద బేరాలు సాగుతున్నాయంటే ఆ గోడ అందం తగ్గుతుందని భయపడ్డావేమో. నాకైతే దానివల్ల పెరుగుతుంది.

ఇక టైల్స్. లోపలికి వెళ్లాక అన్నీ చూసేయాలనే తొందర వద్దు. అక్కడ 80 దాకా నమూనాలు ఉన్నాయంటారు. అన్నిటి గురించీ రాయబోతే జాబితా తయారవుతుంది. ఒక్క గోడ ఎంచుకో, అందులో ఒక్క టైల్ ఎంచుకో. కాళ్లు నొప్పి పుట్టేదాకా దాని ముందు నిలబడు. ఈ మసీదు చిన్నది కావడం నీ అదృష్టం. అదే ఊళ్లోని సుల్తాన్ అహ్మద్ మసీదులో 20,000కు పైగా టైల్స్ ఉన్నాయి గానీ, వాటిలో మేలైనవి చాలావరకు పై గ్యాలరీల్లో, మామూలు సందర్శకుల కంటికి దూరంగా ఉండిపోయాయి. ఇక్కడ తులిప్ పువ్వు నీ ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది.

ముందు ఎరుపు చూడు. చేత్తో తాకకు. గోడకి పక్కగా నిలబడి, కిటికీ వెలుతురు వాలుగా పడే వైపు నుంచి చూడు. నీలం, ఫిరోజా చదునుగా గోడలో కలిసిపోయి ఉంటాయి. ఎరుపు మాత్రం అరచేతిలో గోరింటాకు ముద్ద ఎండి నిలబడ్డట్టు కొద్దిగా లేచి ఉంటుంది. దానికి కారణం ఉంది. ఇనుము పాలు ఎక్కువున్న ఒకరకం ఎర్రమట్టిని చిక్కగా కలిపి మందంగా పూస్తేనే ఆ నిండు రంగు వస్తుంది. ఇజ్నిక్ పనివాళ్లకి ఆ ఎరుపు చేతికొచ్చింది 1550ల్లో. 1557లో పూర్తయిన సులేమానియే మసీదు టైల్స్‌లో అది కనబడుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే వచ్చిన ఈ మసీదులో గోడల నిండా పరుచుకుంది. 17వ శతాబ్దంలో మెల్లమెల్లగా చేజారి, మట్టిరంగుకి దిగిపోయింది. అంటే నువ్వు చూస్తున్నది కొద్ది తరాలపాటు మాత్రమే మనుషులకి పట్టుబడిన రంగు. ఇది తెలిశాక అదే తులిప్ ముందు మళ్లీ నిలబడి చూడు, నీ వాక్యం తనంతట తనే మారుతుంది.

తయారీ తెలుసుకోవడం పరిశోధకుల పని అనుకోకు, రచయితకీ అది కావాలి. ఆ టైల్స్ ఇస్తాంబుల్‌కి ఆగ్నేయంగా, సరస్సు ఒడ్డున ఉన్న ఇజ్నిక్ అనే ఊళ్లో తయారయ్యాయి. అవి మామూలు బంకమట్టివి కావు. పలుగురాయి పొడి ఎక్కువ పాళ్లు, దాంట్లో గాజు పొడి, కొంచెం తెల్లమట్టి. పైన మళ్లీ తెల్లటి పూత. ఆ తెలుపే మిగతా రంగులకి ప్రాణం. కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని టైల్ మీద పరిచి బొగ్గు పొడి అద్దితే చుక్కలు దిగుతాయి. చుక్కల్ని కలుపుతూ సన్నటి నల్ల గీత, గీత లోపల రంగు. నీలానికి కోబాల్ట్, ఫిరోజాకి రాగి. అన్నిటి మీదా సీసం కలిసిన గాజు పూత వేసి బట్టీకి ఎక్కిస్తారు. రంగులు ఆ గాజు కింద భద్రంగా ఉన్నాయి కాబట్టే 450 ఏళ్లు దాటినా ఇప్పుడే తడిపినట్టు మెరుస్తాయి.

ఇంకొంచెం దగ్గరికి వెళ్లు. కాగితం ఒకటే అయినా చుక్కలు కలిపిన చెయ్యి ఒకటే కాదు. ఒకే నమూనా ఉన్న రెండు టైల్స్ పక్కపక్కన దొరుకుతాయి. వాటిలో ఒకే కార్నేషన్ రేకుల అంచుల్ని పోల్చు. గీత ఎక్కడ లావెక్కింది, ఎక్కడ పల్చబడింది, రంగు ఎక్కడ గీత దాటింది, అన్నీ చూడు. కొమ్మ ఒక టైల్ నుంచి పక్క టైల్‌లోకి దాటే చోట రెండు సగాలూ సరిగ్గా కలిశాయా చూడు. అక్కడ నీకు పనివాడు కనబడతాడు. ఈ పూల శైలితో ముడిపడి ఆస్థాన చిత్రకారుడు కారా మెమీ పేరు మనదాకా వచ్చింది. కూర్చుని చుక్కలు కలిపినవాళ్ల పేర్లు ఆ గోడమీద లేవు. వాళ్ల గురించి జాలిగా ఒక పేరా రాయాలని నీకు అనిపిస్తుంది. వద్దు. ఆ గీత జారిన చోటుని ఉన్నదున్నట్టు రాయి, వాళ్లు అందులోకి వస్తారు.

నీ కంటికి ఇంకో సాధన చెబుతాను. అయా సోఫియా ఆవరణలో రెండో సెలీం సుల్తాన్ సమాధి మందిరం ఉంది. దాని గుమ్మానికి అటూ ఇటూ రెండు పెద్ద టైల్ పలకలు. ఒకటి అసలుది, రెండోది నకలు. 19వ శతాబ్దం చివర మరమ్మతుల పేరుతో ఆ రెండో చోట ఉన్న అసలు పలకని విప్పి ఫ్రాన్స్‌కి తీసుకుపోయారు, దాని చోట అక్కడ చేయించిన నకలు పెట్టారు. తీసుకుపోయిన పలక ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పక్కనున్న బోర్డు చదవకుండా ముందు ఏది ఏదో నువ్వే తేల్చుకో. బొమ్మ ఒకటే, పువ్వులు అవే. తేడా ఎరుపులో ఉంది, తెలుపులో ఉంది, మెరుపు లోతులో ఉంది. ఆ తేడాని ‘జీవం లేదు’ అనే మాట వాడకుండా నాలుగు వాక్యాల్లో పెట్టగలిగితే రుస్తం పాషా మసీదు గురించి రాయడానికి నీ చెయ్యి సిద్ధమైనట్టే. జరిగింది మోసం. అది చదివి నాకు కడుపు రగిలిపోయింది. కానీ కోపం కూడా ఆ రెండు ఎరుపుల తేడాలోంచే పాఠకుడికి ఎక్కాలి.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది: ‘ఎక్కడ చూపు ఆనించాలో తెలియలేదు.’ అది నిజమైన అనుభవం, దాన్ని వదులుకోకు, లోతుకి తవ్వు. ఇక్కడి నుంచి కొండెక్కి కాసేపు నడిస్తే సులేమానియే వస్తుంది. అదీ సినాన్ కట్టిందే. సుల్తాన్ పేరున కట్టిన అంత పెద్ద మసీదులో టైల్స్‌ని మిహ్రాబ్, అంటే మక్కా దిక్కుని చూపే గూడు, ఉన్న గోడకే పరిమితం చేశాడు. కొద్ది సంవత్సరాల తర్వాత ఇంత చిన్న మసీదులో మిహ్రాబ్, గోడలు, స్తంభాలు, బయట మంటపం గోడ, ఏదీ వదల్లేదు. ఇక్కడ పూలు మరీ ఎక్కువయ్యాయి, కట్టడం రూపాన్ని కప్పేశాయి అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎనిమిది ఆధారాల మీద నిలిచిన ఆ గుమ్మటం కింద నేల మధ్యలో నిలబడి తలెత్తితే లెక్క ఎంత స్పష్టంగా ఉందో తెలుస్తుంది. పూలు కంటి ఎత్తులో ఉన్నాయి, పైన కట్టడం ఊపిరి పీల్చుకుంటోంది. నీకు వేరేగా అనిపిస్తే వేరేగానే రాయి. రెండు మసీదులూ ఒకే రోజు చూసి రాయి.

రుస్తం పాషా ఎవరో నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఒట్టోమన్ చక్రవర్తి సులేమాన్ సుల్తాన్ అల్లుడు, ఆయన కూతురు మిహ్రిమా భర్త. 1544 నుంచి 1553 దాకా, మళ్లీ 1555 నుంచి చనిపోయేదాకా మహామంత్రి. ఆయన కూడబెట్టిన సంపదకి లెక్కలేదు. 1553లో సుల్తాన్ తన కొడుకు ముస్తఫాను చంపించినప్పుడు జనం వేలు చూపింది రుస్తం వైపే. అప్పటికి పదవి పోయింది, రెండేళ్లకి తిరిగొచ్చింది. ముస్తఫా కోసం శోకగీతం రాసిన కవి తష్లిజాలి యాహ్యా ఆయన ఆగ్రహానికి గురై ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1561లో రుస్తం చనిపోయాడు, మసీదు 1563 ప్రాంతంలో పూర్తయింది. సమాధి కూడా ఇక్కడ లేదు, షెహ్‌జాదే మసీదు ఆవరణలో ఉంది. ఒక కవి నోరు నొక్కినవాడి పేరు మోస్తున్న గోడ ముందు నిలబడి నువ్వు, ఒక రచయిత్రివి, మురిసిపోయావు. ఇది మామూలు విషయం కాదు. గోడ బాగుందని ఆ మనిషిని కడిగి శుభ్రం చేయకు. ఆ మనిషిని తలుచుకుని గోడ నుంచి ముఖం తిప్పుకోకు. రెండూ ఒకే పేజీలో ఉండనీ.

ఈ సంవత్సరాలూ పేర్లూ అన్నీ ఒకే పేరాలో కుప్ప పోయకు. గైడ్ బుక్‌లో అలాగే ఉంటాయి, అక్కడ అవసరం. నీ వ్యాసంలో ప్రతి వివరం అది పుట్టిన చోటే రావాలి. అద్దెల సంగతి మెట్ల దగ్గర, ఇజ్నిక్ సంగతి గీత దగ్గర, యాహ్యా సంగతి నువ్వు నోట్‌బుక్ తీసిన దగ్గర. చోటు దొరకని వివరం ఎంత గొప్పదైనా పక్కన పెట్టేయ్.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి మిగిలింది. అది మ్యూజియం కాదు. రోజుకి ఐదుసార్లు అక్కడ నమాజు జరుగుతుంది. టికెట్ లేదని, తలుపు తీసే ఉందని చొరవ ఎక్కువ తీసుకోకూడదు. చెప్పులు బయట వదలడం, తలమీద చున్నీ కప్పుకోవడం నీకు తెలిసినవే. అజాన్ వినబడితే బయటికొచ్చి మంటపం కింద కూర్చో. అక్కడి గోడమీద చూడటానికి బోలెడంత ఉంది. ప్రార్థన చేసుకునేవాళ్ల ఫోటో తీయకు, వాళ్ల ముఖాల్ని నీ వ్యాసంలో అలంకారంగా వాడకు. ‘ప్రశాంతమైన కళ్లతో ఒక వృద్ధుడు’ అని నువ్వు రాసిన వాక్యం తీసేయమంటాను. ఆయన కళ్లల్లో ఏముందో మనకి తెలియదు. ఆయన బజారు నుంచి మెట్లెక్కి వచ్చాడు, చేతిలో సంచి పక్కన పెట్టాడు, నిలబడ్డాడు. నువ్వు చూసింది అంతే అయితే అంతే రాయి. కింద దుకాణంలో పొద్దున్నుంచీ నిలబడిన మనిషికి ఆ గోడ రోజూ ఉండే గోడ. యాత్రికులు దాన్ని చూసేది కాసేపే. ఈ రెండు చూపులకీ నీ వ్యాసంలో చోటు దొరికితే నేను చాలా సంతోషిస్తాను.

ఫోన్ బ్యాగులోనే ఉంచి, ముందు చేత్తో రాసుకో. రంగుల పేర్లు సరిపోకపోతే పక్కన బొమ్మ గీసుకో, బాగా రాకపోయినా పర్వాలేదు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకు, జుమ్మా నమాజుకి జనం నిండిపోతారు. పొద్దున్నే, దుకాణాలు తెరుస్తున్న వేళకి వెళ్లు. వ్యాసం మొత్తం ఒకేసారి పంపనక్కర్లేదు. మెట్ల గురించి రాసింది, ఎరుపు గురించి రాసింది, ఈ రెండు పేరాలు ముందు పంపు. అవి చూశాక మిగతాది మాట్లాడుకుందాం.

నీ శ్రేయస్సు కోరే,
పెద్దమ్మ