బైకులో కారు ఆయిల్ పోయవచ్చా?

ప్రశ్న: నాది 2014లో కొన్న 100 సీసీ బండి. ఈమధ్య సర్వీసింగుకు ఇచ్చినప్పుడు మెకానిక్ ఖరీదైన కారు ఇంజిన్ ఆయిల్ పోశారు. అప్పటినుంచి వంతెన ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరుగుతోందే కానీ బండి వేగం అందుకోవడం లేదు. ఆయిలే కారణమా? ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఇ20 (20 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన) పెట్రోలు ఇంత పాత బండికి పడుతుందా? ఉద్యోగరీత్యా ఒక్కోసారి రెండు నెలలపాటు ఊళ్లో ఉండను.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి క్లచ్ జారుతోంది, అందుకు ఆయిలే కారణమయ్యే అవకాశం ఎక్కువ. మామూలు గేర్ల కారులో క్లచ్ పొడిగా, ఇంజిన్ ఆయిల్‌కు దూరంగా ఉంటుంది. మీ బండిలో మాత్రం ఇంజిన్‌కు, గేర్లకు, క్లచ్ ప్లేట్లకు ఒకే ఆయిల్. మైలేజీ కోసం రాపిడిని తగ్గించే రసాయనాలు కలిపిన కారు ఆయిల్ ఇందులో పోస్తే, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవలసిన ప్లేట్లు పట్టు తప్పుతాయి. కాబట్టి ఖరీదును బట్టి ఆయిల్ ఎంచుకోవద్దు. డబ్బా వెనుక జపాన్ వాహన ప్రమాణాల గుర్తు జాసో (JASO) ఎంఏ (MA) లేదా ఎంఏ2 (MA2) అని ఉండాలి, చిక్కదనం మీ బండి పుస్తకంలో రాసినదే కావాలి. ఎంబీ (MB) అని ఉన్నది బెల్టుతో నడిచే గేర్లు లేని స్కూటర్లకు ఉద్దేశించినది, దానిని కొనకండి.

ఇంజిన్ వెచ్చగా ఉండగానే పాత ఆయిల్ పూర్తిగా దింపించి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయించి, సరైన ఆయిల్ పోయించండి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవడం పొరపాటు, మోతాదు మించితే ఆయిల్ నురగ కడుతుంది. అప్పటికీ జారుతుంటే ముందుగా క్లచ్ కేబుల్ మరీ బిగుతుగా ఉందేమో చూపించండి, ఆ తరువాతే ప్లేట్లు మార్చే మాట ఆలోచించవచ్చు.

ఇక పెట్రోలు సంగతి. 2030 నాటికి అనుకున్న 20 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని కేంద్రం 2025కే ముందుకు జరిపింది. మీ బండి అంతకు ముందే తయారైంది కనుక పెట్రోలు పైపు, కార్బ్యురేటర్‌లోని రబ్బరు భాగాలు ఉబ్బాయా, పగిలాయా అని ప్రతి సర్వీసింగులోనూ చూపించండి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ, అందుచేత మైలేజీ కొంత తగ్గడం సహజమే.

మీ విషయంలో నేను ఎక్కువగా ఆలోచించేది బండి కదలకుండా నిలిచిపోయే ఆ రెండు నెలల గురించి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీరు మితిమీరితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతాయి. ఊరు వెళ్లే ముందు ట్యాంకులో గాలికి చోటు తక్కువగా ఉండేలా, అయితే అంచుదాకా కాకుండా, పెట్రోలు నింపించండి. పెట్రోలు ట్యాప్ మూసి, కార్బ్యురేటర్‌లో మిగిలినది అయిపోయి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి. ట్యాంకు మూత కింది రబ్బరు బిగువు కోల్పోయి ఉంటే వానాకాలానికి ముందే మార్పించండి.